ఊరు తెచ్చుకున్న జట్టు: స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్ చరిత్ర

కెనడా జూనియర్ ఐస్ హాకీ గురించి రాసేవాళ్లు స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్ జట్టును రెండు తేదీలతో పరిచయం చేస్తారు. 1986 డిసెంబరు 30న ఆ జట్టు బస్సు గడ్డకట్టిన రోడ్డు మీద అదుపు తప్పి నలుగురు కుర్రాళ్లు చనిపోయారు. 1989 మే నెలలో అదే జట్టు దేశంలోని జూనియర్ జట్లన్నిటికీ పెద్ద ట్రోఫీ అయిన మెమోరియల్ కప్ గెలిచింది. రెంటికీ మధ్య రెండున్నరేళ్లు కూడా లేవు. కన్నీళ్లు తుడుచుకుని కప్పు ఎత్తిన చిన్న ఊరి జట్టుగా ఆ కథ దేశమంతా పాకింది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కథ అంత చక్కగా కుదిరింది కాబట్టే, దాని వెనక సాగుతున్న నేరం వైపు చాలా ఏళ్లపాటు ఎవరి చూపూ పోలేదు. జట్టు ఎవరి చేతుల్లో ఉంది, ఏ డబ్బుతో నడిచింది, ఊరు ఎవరికి రుణపడ్డాననుకుంది అన్నవి చూడకుండా ఆ రెండు తేదీలు మాత్రమే చెప్పుకుంటే ఈ చరిత్ర సగమే తెలిసినట్టు.

స్విఫ్ట్ కరెంట్ సస్కాచెవాన్ ప్రావిన్స్ నైరుతి మూలన, ట్రాన్స్ కెనడా హైవే మీద, కాల్గరీకీ రెజైనాకీ మధ్య ఉంటుంది. చుట్టూ కనుచూపు మేర గోధుమ పొలాలు, పశువుల మేత బీళ్లు, అక్కడక్కడ చమురు బావులు. 2021 జనాభా లెక్కల్లో ఊరి జనం 16,750. బ్రాంకోస్ ఆడే వెస్టర్న్ హాకీ లీగ్‌లో ఇంతకంటే చిన్న ఊరు లేదు. అదే లీగ్‌లో వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్ జట్లున్నాయి. సరిహద్దు దాటితే అమెరికాలోని పోర్ట్‌లాండ్, ఎవరెట్ కూడా ఉన్నాయి. స్విఫ్ట్ కరెంట్ రింకులో, అంటే మంచు మీద హాకీ ఆడే స్టేడియంలో, సీట్లు మూడు వేల లోపే. ఆ సీట్లన్నీ నిండిన రాత్రి ఊళ్లో ప్రతి ఆరుగురిలో ఒకరు ఆటకు వచ్చినట్టు లెక్క.

జూనియర్ అన్న మాట విని ఇది పిల్లల వినోదం అనుకోకూడదు. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కు ఆటగాళ్లు తయారయ్యే ముఖ్యమైన చోటు ఇది. పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఆడతారు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులోనే జట్లు వాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎవరు ఎంచుకుంటే ఆ ఊరికి వెళ్లాలి. అక్కడ బిల్లెట్ కుటుంబం అనే ఒక స్థానిక కుటుంబం కుర్రాణ్ని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి, బడికి పంపుతుంది. పదో తరగతి కాగానే పిల్లల్ని ఇంటర్ హాస్టళ్లకు పంపే తెలుగు తల్లిదండ్రులకు ఈ ఎడబాటు కొత్తదేమీ కాదు. అయితే ఇక్కడ కుర్రాడి భవిష్యత్తు ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. మంచు మీద ఎంతసేపు ఆడించాలి, వేరే జట్టుకు ఇచ్చేయాలా వద్దా, ఆటగాళ్లను వెతుక్కుంటూ వచ్చే ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్లతో ఏం చెప్పాలి, అన్నీ కోచ్ ఇష్టమే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

జట్టు పుట్టింది 1967లో. కెనడా సమాఖ్యకు నూరేళ్లు నిండిన ఆ ఏడాదే ఊళ్లో సెంటెనియల్ సివిక్ సెంటర్ అనే రింకు కట్టారు. పశ్చిమ కెనడాలో జూనియర్ లీగ్ మొదలై అప్పటికి ఒక్క సీజన్ గడిచింది. బ్రాంకోస్ రెండో సీజన్‌లో చేరారు. ఆ తొలి ఏడేళ్లలో ఊరికి మిగిలిన గొప్ప పేరు బ్రయన్ ట్రాటియర్. దక్షిణాన అమెరికా సరిహద్దుకు దగ్గర్లోని వాల్ మేరీ అనే పల్లెలో పశువులు కాచే కుటుంబం వాళ్లది. ఇంటి మీద బెంగతో ఆట మానేయబోయిన ఆ కుర్రాణ్ని టైగర్ విలియమ్స్ అనే తోటి ఆటగాడు నచ్చజెప్పి నిలబెట్టాడని హాకీ లోకంలో అందరికీ తెలిసిన కథ. తర్వాత ట్రాటియర్ ఆటగాడిగా ఎన్‌హెచ్‌ఎల్ ఛాంపియన్లకు దక్కే స్టాన్లీ కప్‌ను ఆరుసార్లు గెలిచాడు, అందులో నాలుగు న్యూయార్క్ ఐలాండర్స్‌తో 1980 నుంచి 1983 వరకు వరసగా వచ్చినవి.

ఇంత ఆటగాణ్ని తయారుచేసినా జట్టు ఊళ్లో నిలవలేదు. 1974లో అల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్‌కు తరలిపోయింది. అది స్విఫ్ట్ కరెంట్ ఒక్కదానికే పట్టిన గతి కాదు. లీగ్ పెద్ద ఊళ్లవైపు, పెద్ద రింకులవైపు జరుగుతున్న కాలమది. ఎస్టెవాన్ జట్టు 1971లోనే పసిఫిక్ తీరాన న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌కు వెళ్లిపోయింది. బాబీ క్లార్క్ లాంటి ఆటగాణ్ని ఇచ్చిన గనుల ఊరు ఫ్లిన్ ఫ్లాన్ 1978లో లీగ్ వదిలేసి కింది స్థాయికి దిగింది. సీట్లు తక్కువ, ప్రయాణాలు ఎక్కువ, యజమానికి వేరే చోట మంచి బేరం దొరుకుతుంది. ఈ మూడూ కలిసినచోట చిన్న ఊరి జట్టు నిలబడటం కష్టం. పోయిన జట్టు తిరిగి రావడం మరీ అరుదు.

స్విఫ్ట్ కరెంట్‌కు మాత్రం తిరిగి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత, 1986లో, స్థానికులు కొందరు కలిసి లెత్‌బ్రిడ్జ్ జట్టును కొని పాత పేరుతోనే ఊరికి తెచ్చుకున్నారు. ఈసారి ఒక్క యజమాని చేతిలో పెట్టలేదు. జట్టు ఊరి ఉమ్మడి ఆస్తి అయింది. లాభం వస్తే పంచుకునేవాళ్లు ఉండరు, అది జట్టుకే మిగులుతుంది. నష్టం వస్తే పూడ్చే ధనికుడూ ఉండడు. జీతం తీసుకోని స్థానికుల బోర్డు పర్యవేక్షిస్తుంది. ఏటా సమావేశం పెట్టి లెక్కలు జనం ముందు పెడతారు. లీగ్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ నాలుగు జట్లలోనే ఉంది: స్విఫ్ట్ కరెంట్, మూస్ జా, ప్రిన్స్ ఆల్బర్ట్, లెత్‌బ్రిడ్జ్. నాలుగూ ప్రెయిరీ మైదానాల ఊళ్లు, మూడు సస్కాచెవాన్‌లోనివి. ఎక్కువ డబ్బు ఇస్తామంటే జట్టును తరలించే యజమాని లేకపోవడమే ఆ తర్వాత స్విఫ్ట్ కరెంట్‌లో జట్టు ఉండిపోవడానికి అసలు కారణం. మిగతా కారణాలన్నీ దాని తర్వాతే.

తెచ్చుకున్న తొలి శీతాకాలంలోనే బస్సు ప్రమాదం జరిగింది. రెజైనాలో మ్యాచ్ కోసం డిసెంబరు 30న జట్టు బయల్దేరింది. ఊరు దాటి కొన్ని కిలోమీటర్లు పోకముందే రోడ్డు మీద నల్ల మంచు తగిలింది. పల్చటి గాజు పొరలా గడ్డకట్టి, కింది తారు రంగులోనే కనబడే మంచు అది. డ్రైవర్‌కు అది ఉందని తెలిసేసరికి చక్రాలకు పట్టు ఉండదు. బస్సు రోడ్డు దిగి పోయి పక్కకు పడింది. వెనక కూర్చుని పేకాట ఆడుకుంటున్న నలుగురు చనిపోయారు: ట్రెంట్ క్రెస్, స్కాట్ క్రూగర్, క్రిస్ మంటైకా, బ్రెంట్ రఫ్. రఫ్‌కు పదహారేళ్లు. అతని అన్న లిండీ రఫ్ అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు, తర్వాత పేరున్న కోచ్ అయ్యాడు. క్రూగర్ ఆ ఊరి పిల్లవాడే. బస్సు ముందు భాగంలో కూర్చున్న పదిహేడేళ్ల జో సాకిక్, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న ఆటగాడు, బతికాడు.

ఊరు సంతాప సభ పెట్టుకున్నది రింకులోనే. కుర్రాళ్లు సీజన్ ఆపకూడదనుకున్నారు, ఆడారు, ఆ ఏడాదే ప్లేఆఫ్స్‌కు చేరారు. చనిపోయినవాళ్ల జెర్సీ నంబర్లు 8, 9, 11, 22 నాలుగాకుల చిహ్నంలో చేరి జట్టు గుర్తుగా మిగిలాయి.  లీగ్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి 'ఫోర్ బ్రాంకోస్' పేరు పెట్టారు. 1988లో దాన్ని అందుకున్నది సాకిక్. ఆ సీజన్‌లో అతను 160 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు సాయపడ్డ పాస్‌లు కలిపి) చేసి, మూస్ జా ఆటగాడు థియో ఫ్లూరీతో సమానంగా లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు.

సాకిక్ ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిపోయిన తర్వాతి సీజన్‌లో బ్రాంకోస్ ఇంకా బలపడటం ఆటపరంగా విశేషం. 1988-89లో 72 మ్యాచుల్లో 55 గెలిచారు. ప్లేఆఫ్స్‌లో ఒక్కటీ ఓడకుండా పన్నెండుకు పన్నెండు గెలిచి లీగ్ ఛాంపియన్లయ్యారు. మెమోరియల్ కప్ ఆ ఏడాది సస్కటూన్‌లో జరిగింది. ఫైనల్లో ఎదురుగా ఆతిథ్య జట్టు సస్కటూన్ బ్లేడ్స్, చుట్టూ వాళ్ల అభిమానులు. స్కోరు సమానమై ఓవర్‌టైమ్‌కు వెళ్తే టిమ్ టిజ్‌డేల్ గోల్‌తో బ్రాంకోస్ 4-3తో గెలిచారు. గోల్ కాచింది ట్రెవర్ క్రూగర్, ప్రమాదంలో చనిపోయిన స్కాట్‌కు తమ్ముడు. మరో సోదరుడు డారెన్ డిఫెన్స్‌లో ఆడాడు. ఆ కప్పు ఊరికి ఏమైందో చెప్పడానికి ఆ ఒక్క ఇంటి పేరు చాలు.

ఆ జట్టుకు కోచ్, జనరల్ మేనేజర్ రెండూ గ్రాహం జేమ్స్. 1986లో జట్టుతో పాటే వచ్చి 1994 దాకా ఉన్నాడు. ప్రమాదం నుంచి జట్టును నిలబెట్టి కప్పుదాకా తెచ్చిన మనిషిగా 1989లో దేశమంతా పొగిడింది. ఆ ఏళ్లన్నిటా అతను తన కింద ఉన్న కుర్రాళ్ల మీద లైంగిక దాడులు చేస్తూనే ఉన్నాడు.

విషయాన్ని బయటపెట్టింది షెల్డన్ కెనెడీ. 1986 బస్సులో ఉన్నవాడు, 1989 కప్పు గెలిచినవాడు, అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు. మానిటోబాలో పద్నాలుగేళ్ల వయసులో జేమ్స్ కంటబడ్డప్పటినుంచి తనను వెంటాడిన దాన్ని 1996లో కాల్గరీ పోలీసులకు చెప్పాడు. 1997 జనవరిలో జేమ్స్ నేరం ఒప్పుకున్నాడు. ఇద్దరు ఆటగాళ్ల మీద సుమారు 350 దాడులు. కోర్టు వేసిన శిక్ష మూడున్నరేళ్లు. 2007లో అతనికి ప్రభుత్వ క్షమాభిక్ష దొరికిన సంగతి 2010లో పత్రికల ద్వారా బయటికి రావడంతో దేశం భగ్గుమంది, క్షమాభిక్షల చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. థియో ఫ్లూరీ, అతని బంధువైన స్విఫ్ట్ కరెంట్ మాజీ ఆటగాడు టాడ్ హోల్ట్ కూడా తామూ బాధితులమేనని ముందుకు వచ్చారు. 2012లో జేమ్స్‌కు రెండేళ్ల శిక్ష పడింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని అయిదేళ్లు చేసింది. స్విఫ్ట్ కరెంట్‌లో ఆడిన ఇంకొక ఆటగాడి కేసులో 2015లో మరో రెండేళ్లు పడ్డాయి.

ప్రమాదం, కప్పు, నేరం ఇక్కడే ముడిపడతాయి. బస్సులో సహచరుల్ని పోగొట్టుకున్న టీనేజీ కుర్రాళ్లకు మానసిక నిపుణుల సాయం అందలేదు. బయటివాళ్లను రానీయకుండా చేసింది జేమ్సేనని, పిల్లలు నోరు విప్పితే తన సంగతి బయటపడుతుందన్న భయమే అందుకు కారణమని బతికినవాళ్లు పెద్దయ్యాక చెప్పారు. ఆ రోజుల్లో మాత్రం దాన్ని జట్టు తన దుఃఖాన్ని తానే మోసుకుంటోందని, గట్టి మనసులని మెచ్చుకున్నారు. అంటే దేశం చప్పట్లు కొట్టిన ఆ మౌనం నేరస్థుడికి పనికొచ్చిన మౌనం. ఈ మాట ఎంత కటువుగా ఉన్నా, స్విఫ్ట్ కరెంట్ విజయగాథను మళ్లీ చెప్పే ప్రతిసారీ చెప్పి తీరాలి.

జట్టు ఊరి చేతిలో ఉండటం వల్లే ఇలా జరిగిందా? అలా అనడం న్యాయం కాదు. జేమ్స్ అంతకుముందు వేరే ఊళ్లలో, వేరే జట్లలో ఉన్నప్పుడూ ఇదే చేశాడు. వసతి, బదిలీలు, ఎంపిక అన్నీ ఒక్క మనిషి చేతిలో పెట్టడం అప్పటి జూనియర్ హాకీ అంతటా ఉన్న పద్ధతి. స్విఫ్ట్ కరెంట్ ప్రత్యేకత కృతజ్ఞతలో ఉంది. పన్నెండేళ్లు జట్టు లేని ఊరు, తెచ్చుకున్న ఏడాదే నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న ఊరు, ఆ కోచ్‌నే తమను ఒడ్డున పడేసినవాడిగా చూసింది. అలాంటివాణ్ని ప్రశ్నించాలంటే స్వచ్ఛందంగా పనిచేసే బోర్డు సభ్యుడు రేపు కిరాణా కొట్లో, చర్చిలో ఎదురయ్యే అందరినీ ప్రశ్నించాలి. పదహారేళ్ల కుర్రాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అతను ఫిర్యాదు చేయాల్సింది జనరల్ మేనేజర్‌కు, ఆ జనరల్ మేనేజరూ జేమ్సే.

మార్పు తెచ్చింది కూడా ఆ కుర్రాళ్లే. కెనెడీ 1998లో చక్రాల స్కేట్ల మీద కెనడా దేశాన్ని దాటుతూ లైంగిక వేధింపుల బాధితుల కోసం మాట్లాడాడు. తర్వాత వేన్ మెక్‌నీల్‌తో కలిసి రెస్పెక్ట్ గ్రూప్ అనే సంస్థ స్థాపించి, కోచ్‌లకూ తల్లిదండ్రులకూ వేధింపులను గుర్తించడం నేర్పే శిక్షణ తయారుచేశాడు. కెనడాలో పిల్లల హాకీ జట్లకు శిక్షణ ఇచ్చే కోచ్‌లకు ఇప్పుడు ఆ తరహా శిక్షణ తప్పనిసరి. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్‌లోనే హంబోల్ట్ బ్రాంకోస్ అనే మరో జూనియర్ జట్టు బస్సు ట్రక్కును ఢీకొని 16 మంది చనిపోయారు. వేరే లీగ్, వేరే జట్టు, పేరు మాత్రం అదే. కెనెడీ, బాబ్ విల్కీ, పీటర్ సోబర్లాక్ వంటి 1986 బస్సువాళ్లు హంబోల్ట్ వెళ్లి ఆ కుటుంబాలను, బతికిన కుర్రాళ్లను కలిశారు. ఈసారి మానసిక నిపుణుల సాయం మొదటిరోజునుంచే ఉంది. 1986లో తమకు దొరకనిది వీళ్లకు అందాలని ఆ నడివయసు మనుషులు పట్టుబట్టడం ఈ మొత్తం చరిత్రలో అన్ని కప్పులకంటే విలువైన ఘట్టం.

ఆట విషయానికొస్తే, బ్రాంకోస్ 1993లో మరోసారి లీగ్ గెలిచారు. తర్వాత పాతికేళ్లు కొన్ని మంచి సీజన్లు, కొన్ని చెడ్డ సీజన్లు, ట్రోఫీ మాత్రం లేదు. మూడోది 2018లో వచ్చింది. అది వచ్చిన తీరు చిన్న ఊరి జట్టు లెక్కల్ని బాగా చూపిస్తుంది. ఆటగాళ్లకు జీతాల వేలం లేదు కాబట్టి పెద్ద ఊరి జట్టు డబ్బు పెట్టి వాళ్లను కొనలేదు. అందువల్లే స్విఫ్ట్ కరెంట్ వాంకూవర్‌తో తలపడగలుగుతోంది. కానీ ఇరవై ఏళ్ల వయసులో ఆడే సీజన్ ముగిస్తే ప్రతి ఆటగాడూ వెళ్లిపోవాల్సిందే. మంచి తరం ఒకటి కుదిరినప్పుడు జట్టు రెండిట్లో ఒకటి తేల్చుకోవాలి: రాబోయే ఏళ్ల కుర్రాళ్లను ఎంచుకునే వంతులను దాచుకోవాలా, వాటిని ఇచ్చేసి ఇప్పుడే గెలిపించే ఆటగాళ్లను తెచ్చుకోవాలా? మానీ వివెరోస్ కోచ్‌గా ఉన్న ఆ ఏడాది బ్రాంకోస్ రెండో దారి పట్టారు. గ్లెన్ గాడిన్, అలెక్సీ హెపోనియెమీ, టైలర్ స్టీన్‌బర్గెన్ ముగ్గురూ గోల్స్ కురిపిస్తున్న సమయంలో, గోల్‌కీపర్ స్టువర్ట్ స్కిన్నర్‌ను జనవరిలో లెత్‌బ్రిడ్జ్ నుంచి తెచ్చారు. ఎవరెట్‌ను ఆరు మ్యాచుల్లో ఓడించి లీగ్ గెలిచారు. స్కిన్నర్ తర్వాత ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు స్టాన్లీ కప్ ఫైనల్లో గోల్ కాచాడు.

ఆ తర్వాత రెజైనాలో జరిగిన మెమోరియల్ కప్‌లో ఆడిన మూడు మ్యాచులూ ఓడారు. మరుసటి సీజన్ 68 మ్యాచుల్లో 11 మాత్రమే గెలిచారు. ఇచ్చేసిన వంతుల బాకీ అలా తీరింది. ఆ బేరాన్ని తప్పనలేం. ప్లేఆఫ్స్‌లో సాగిన ప్రతి వారం టికెట్ల డబ్బు ఇలాంటి జట్టుకు కొన్ని పేద సీజన్లను గట్టెక్కించే నిల్వ. మామూలు ఏడాదిలో సొంత ఊళ్లో ఆడేది 34 రాత్రులే. మూడు వేల లోపు సీట్లు, స్థానిక దుకాణాల ప్రకటనలు, లాటరీ టికెట్లు, అంతే రాబడి. ఖర్చులో ప్రయాణం పెద్ద భాగం. వాషింగ్టన్ రాష్ట్రం దాకా పోవాల్సిన దూరాలు అవి.

ఈ లెక్క నిలబడటానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి అభిమానులు తక్కువ మాట్లాడతారు. ఆటగాళ్లకు జీతం లేదు. ఖర్చులకు కొంత, బిల్లెట్ ఇంట్లో వసతి, ఆడిన ప్రతి సీజన్‌కు ఒక ఏడాది కళాశాల ఫీజు, ఇంతే. వారానికి ఎన్నో గంటలు కష్టపడే తమకు కనీస వేతనం ఇవ్వాలని 2014లో మాజీ ఆటగాళ్లు లీగుల మీద దావా వేశారు. ఇస్తే చిన్న ఊళ్ల జట్లు మూతపడతాయని లీగులు వాదించాయి. సస్కాచెవాన్‌తో సహా పలు ప్రావిన్సులు జూనియర్ ఆటగాళ్లను కనీస వేతన నిబంధనల నుంచి తప్పించాయి. దావా చివరికి 3 కోట్ల కెనడా డాలర్ల రాజీతో ముగిసింది. ఊరి ఉమ్మడి జట్టు లాభాపేక్ష లేనిదన్న మాట నిజమే. కానీ దాని ఖర్చులో కొంత టీనేజీ కుర్రాళ్లు తమ శ్రమతో కడుతున్నారన్న మాట కూడా అంతే నిజం. చిన్న ఊళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లే ఈ రెండో మాటను గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు ఆ కుర్రాళ్లకు వేరే దారి తెరుచుకుంది. జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లను దశాబ్దాలపాటు అనుమతించని అమెరికా కళాశాల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ 2024 నవంబరులో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. 2025 ఆగస్టు నుంచి అది అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల మంచి ఆటగాడు ఇక మరో రెండేళ్లు బస్సుల్లో తిరగకుండా నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోవచ్చు. 2018 లాంటి జట్టు కుదరాలంటే పందొమ్మిది, ఇరవై ఏళ్లవాళ్లే వెన్నెముక. మరోవైపు, జూనియర్ లీగ్‌లో ఆడితే కళాశాల అవకాశం పోతుందన్న భయం లేదు కాబట్టి, ఇదివరకు రానివాళ్లు పదహారేళ్లకే రావడానికి ఒప్పుకోవచ్చు. అలా వచ్చేవాళ్లు ఊరి పేరు చూసి రారు. మంచి కోచింగ్ ఉందా, చదువు సాగుతుందా, పిల్లవాడు క్షేమంగా ఉంటాడా అని తల్లిదండ్రులు అడుగుతారు. బోర్డు ఏటా లెక్కలతో పాటు ఈ మూడు ప్రశ్నలకూ జనం ముందు జవాబు చెప్పాల్సిన రోజులివి. జట్టు మరెవరికీ కాదు, తమకే చెందినది కాబట్టి ఆ జవాబు అడిగే హక్కు స్విఫ్ట్ కరెంట్ జనానికి మిగతా ఊళ్లకంటే ఎక్కువే ఉంది.